బంగ్లా, ముసాఫిర్‌ఖానా, పూటకూళ్ల ఇల్లు



డిసెంబరు వచ్చిందంటే మా సండేస్కూలు పిల్లలతో క్రిస్మస్ నాటిక వేయిస్తాం. అందులో సత్రం యజమాని వేషానికి పోటీ ఎక్కువ. మాటలు తక్కువ, అరుపు ఎక్కువ కదా! యోసేపు, మరియ వచ్చి తలుపు తడతారు. యజమాని నడుం మీద చేతులు పెట్టుకొని "చోటు లేదు, పొండి" అని కసురుతాడు. సంఘమంతా నవ్వుతుంది, ఆ తర్వాత ఆ యజమానిని మనసులో తిట్టుకుంటుంది. పోయిన ఏడు ఆ వేషం వేసిన పిల్లవాడు నాటిక అయ్యాక మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, ఆ సత్రమాయన పేరేంది? బైబిల్ల ఏడున్నది?" అని అడిగాడు.

లూకా సువార్త రెండవ అధ్యాయం తీశాం. ఏడవ వచనంలో సత్రం ఉంది, చోటు లేకపోవడం ఉంది. యజమాని లేడు. తలుపు తట్టడం లేదు, కసరడమూ లేదు. ఆ మాటలన్నీ మేమే రాసి పిల్లల నోట్లో పెట్టినవి. లేని మనిషిని ఏటేటా నిలబెట్టి దోషిని చేస్తున్నాం.

బైబిలు పాఠశాలలో మాకు చెప్పిన గ్రీకు కొంచెమే. అందులో చాలావరకు మరచిపోయాం కూడా. కానీ ఈ ప్రశ్న తర్వాత పాత నోటు పుస్తకం తీసి చూశాం. లూకా రెండవ అధ్యాయంలో మన తెలుగు బైబిలు 'సత్రము' అన్న చోట గ్రీకులో 'కతలూమ' అనే మాట ఉంది. అదే మాటను లూకా ఇరవై రెండవ అధ్యాయంలో, ప్రభువు పస్కా భోజనానికి గది అడిగించిన చోట, మనవాళ్లు 'విడిది గది' అన్నారు. అంటే బెత్లెహేములో నిండిపోయింది బహుశా డబ్బులిచ్చి దిగే సత్రం కాకపోవచ్చు, ఎవరో బంధువుల ఇంట్లోని విడిది గది కావచ్చునని చాలామంది పండితుల అభిప్రాయం. నిజంగా డబ్బు తీసుకొని మనుషులను దించే చోటు గురించి చెప్పవలసి వచ్చినప్పుడు లూకా వేరే మాట వాడాడు. మంచి సమరయుని ఉపమానంలో గాయపడినవాణ్ని తీసుకుపోయిన చోటు అది. గ్రీకులో 'పాండోఖేయోన్'. మాటను విడదీస్తే, అందరినీ చేర్చుకొనేది అని అర్థం. మన అనువాదకులు దాన్ని 'పూటకూళ్లవాని యిల్లు' అన్నారు.

ఎంత చక్కని మాట దొరికిందో చూడండి. పూటకు కూడు పెట్టే ఇల్లు. తెలుగువాళ్లకు ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో ఒక రూక ఇస్తే కమ్మని భోజనం పెట్టే ఇంటి ప్రస్తావన ఉంది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఉండనే ఉంది. ఊరు కాని ఊరు వచ్చినవాడికి, చుట్టం లేనివాడికి, డబ్బు తీసుకొనైనా సరే ఒకరు వండి పెట్టేవారు. ఆ పని చేసేవాళ్లకు లోకంలో పెద్ద గౌరవమేమీ ఉండేది కాదు. ప్రభువు మాత్రం తన ఉపమానంలో వారికి చోటిచ్చాడు. సమరయుడు రెండు దేనారములు ఇచ్చి వెళ్లాడు. ఆ రోజుల్లో దేనారము అంటే ఒక రోజు కూలి. మిగిలింది తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. పూటకూళ్లవాడు ఆ మాట నమ్మాడో లేదో వాక్యం చెప్పదు. గాయపడినవాణ్ని మాత్రం ఉంచుకున్నాడు.

ఇదంతా ఆలోచిస్తూ ఉంటే మా ఆసిఫాబాద్ సంగతి మనసులోకి వచ్చింది. ఈ ఊళ్లో, ఈ దారుల్లో బాటసారులకు చోటు ఎక్కడ ఉండేది? ఎవరికి ఉండేది?

పాతకాలంలో మన దేశంలో ప్రయాణమంటే ఎక్కడ పడుకోవాలన్నదే మొదటి బెంగ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్ మీదుగా నాగపూరు దారి పట్టాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ప్రతి మజిలీలో అవే సంగతులు. నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి చోటుందా. ఆయన కలిగినవాడు, సుప్రీంకోర్టులో దుబాసీగా పని చేసినవాడు, వెంట పెద్ద పరివారం. అంతటివాడికే ఆ చింత ఉంటే, చద్దిమూట కట్టుకొని ఒంటరిగా నడిచిపోయే పేదవాడి సంగతి ఏమిటి?

హైదరాబాదు చుట్టూ సుల్తానులు సరాయిలు కట్టించారు. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి ఇప్పటికీ నిలిచి ఉంది. హయత్‌నగర్‌లో మసీదు చుట్టూ వందకు పైగా గదులు వరుసగా ఉన్నాయి. తీర్థాలకు పోయేవాళ్లకు సత్రాలుండేవి. వాటిలో చాలా వాటికి కులం చూసి వడ్డించే పద్ధతి కూడా ఉండేది. సత్రం వాకిలి తెరిచి ఉన్నంత మాత్రాన అందరికీ తెరిచినట్టు కాదు.

మా వైపు అడవి ఎక్కువ, రాజబాట తక్కువ. ఆసిఫాబాద్ పాత పేరు జనగాం. పెద్దవాగు ఒడ్డున ఉన్న ఈ ఊరు నిజాం కాలంలో ఆసఫ్‌జాహీల పేరు పెట్టుకొని, 1941 దాకా జిల్లా కేంద్రంగా ఉండింది. ఇప్పటివాళ్లు 2016లో జిల్లా వచ్చిందని సంబరపడ్డారు గాని, అది ఊరికి రెండోసారి దక్కిన గౌరవం. జిల్లా కేంద్రమంటే కచేరీ, కచేరీ అంటే అధికారులు, అధికారులంటే దౌరా. జమాబందీకని, తనిఖీకని, వేటకని వాళ్లు ఊళ్ల మీదికి బయలుదేరేవారు. బ్రిటిషు ఇలాకాలో డాక్ బంగ్లాలు కట్టినట్టే నిజాం సర్కారు కూడా దారుల్లో, తాలూకా కేంద్రాల్లో, అడవి అంచుల్లో బంగ్లాలు కట్టించింది. ఎత్తైన పునాది, చుట్టూ వరండా, పెంకుల కప్పు, వెనక వంటగది, కొంచెం దూరంలో గుర్రాలకు సాల. ఒక చౌకీదారు, వంటకు ఒక ఖాన్సామా. బంగ్లా లేని చోట డేరాలు వేసేవారు. 1920ల చివర కాజీపేట నుంచి బల్హార్షా దాకా రైలు మార్గం పూర్తయి, ఆసిఫాబాద్ రోడ్ అని స్టేషను కూడా వెలిసింది. అప్పుడు సామాన్యుడికి కూడా ఒక కప్పు దొరికింది. స్టేషన్లలో మూడో తరగతివాళ్లు కూర్చొనే, పడుకొనే చోటును ముసాఫిర్‌ఖానా అనేవారు. నేల మీద తుండు పరచుకొని పడుకోవడమే. అయినా టికెట్టు ఉంటే చాలు, నీ కులమేమిటని అడిగేవాడు లేడు. రైలు మన దేశానికి చేసిన మేళ్లలో దీన్ని చిన్నది అనుకోకూడదు.

బంగ్లా సంగతి వేరు. అందులో అధికారి దిగాడంటే సర్కారు ఖర్చుతో దిగాడని మనం అనుకుంటాం. నిజానికి ఆ ఖర్చు మోసింది చుట్టుపక్కల ఊళ్లు. దానికి వెట్టి అని పేరు. కుమ్మరి కుండలు తేవాలి, వంటకు సాయపడాలి. చాకలి పక్కలు పరచాలి, గిన్నెలు తోమాలి. మంగలి వచ్చి కాళ్లు పిసకాలి. గొల్లవాళ్లు పాలు, గొర్రె తోలుకు రావాలి. మాల, మాదిగ పేటల నుంచి మనుషులు గుర్రానికి గడ్డి కోసుకు రావాలి, కబుర్లు మోయాలి, మూటలు మోయాలి. మూటలు ఒక ఊరివాళ్లు పక్క ఊరి దాకా మోస్తే, అక్కడి వెట్టివాళ్లు అందుకొని ఆ పక్క ఊరి దాకా. కూలి లేదు, కూడు కూడా చాలాసార్లు లేదు. అడవి ఊళ్లలో గోండులకు, కొలాములకు దీనిపైన అడవి సిబ్బంది మామూళ్లు కూడా. 1920ల నుంచి ఆంధ్రజన సంఘం పట్టుకొని పోరాడిన అన్యాయాల్లో ఈ వెట్టి ముఖ్యమైనది.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటాయి. ఆయన తండ్రి వెట్టి మోసినవాడు. ఒకసారి కుటుంబ ప్రార్థనకు వెళ్లినప్పుడు మేము బంగ్లాల సంగతి ఎత్తితే ఆయన చెప్పిన మాటలు ఇవి: "మా నాయిన మూటలు మోసి బంగ్లా కాడ దించేటోడు. దొర లోపల పండుకునేటోడు. మా నాయిన ఎడ్ల కాడ పండుకునేటోడు. వాన పడితె బండి కింద. తెల్లారినంక మల్ల మూట నెత్తి మీద." కొంచెంసేపు ఆగి, "వరండా ఎంత పెద్దగుంటదో! యాబై మంది పండుకోవచ్చు," అన్నారు. ఆ వరండా కొలత ఆయనకు ఇంకా గుర్తుంది. తండ్రి నోట విన్నదే అయినా, తాను కొలిచినట్టే చెప్పారు.

మన సంఘాల్లో మొదట ప్రభువును నమ్ముకున్నవాళ్లు చాలామంది ఆ మూటలు మోసినవాళ్ల పిల్లలే. ఈ మాట మేము సిగ్గుతో రాయడం లేదు. మన తాతలు బండి కింద పడుకున్నవాళ్లు కాబట్టి పశువుల తొట్టిలో పండిన శిశువు సంగతి వాళ్లకు తొందరగా అర్థమైంది.

అయితే ఇక్కడితో ఆగితే మనకు మనమే మార్కులు వేసుకున్నట్టు అవుతుంది. ఇంకో సంగతి చెప్పాలి. బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలో పెద్ద చదువు చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఆయన చదువుకు సాయం చేసింది ఆ సంస్థానాధీశుడే. అంత చదువుకొని వచ్చినవాడికి ఆ ఊళ్లో తల దాచుకోను చోటు దొరకలేదు. హిందువుల వసతిగృహాల్లో అంటరానివారిని దిగనివ్వరు. ఒక పారసీ సత్రంలో పారసీ పేరుతో దిగారు. పైన ఒంటరి గది, దీపం సరిగా లేదు, చుట్టూ పాత సామాను. పదకొండో రోజున పారసీలు పన్నెండు మంది దాకా కర్రలు పట్టుకొని వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఆయన ఇద్దరు స్నేహితులను గుర్తు చేసుకొని వాళ్ల దగ్గరకు వెళ్లారు. ఒకరు హిందువు. ఆయన, నువ్వు మా ఇంటికి వస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. రెండోవారు క్రైస్తవుడు.

ఆ క్రైస్తవుడు ఏమన్నాడు? మరునాడు తన భార్య వస్తుంది, ఆమెను అడిగి చెబుతానన్నాడు. అది మర్యాదగా లేదనడమేనని అంబేద్కర్‌కు తర్వాత తెలిసింది. ఆ దంపతులు బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు. భర్త మనసు మారింది గాని భార్య పాత ఆచారంలోనే ఉందట. అంబేద్కర్ ఊళ్లోని తోటలో కూర్చొని, రాత్రి రైలు ఎక్కి బొంబాయి వెళ్లిపోయారు. తన అనుభవాలను చెప్పుకొన్న చిన్న పుస్తకంలో ఆయనే ఇది రాశారు.

మేము దీన్ని మొదటిసారి చదివినప్పుడు పారసీల కర్రల కన్న ఆ క్రైస్తవుని మర్యాద ఎక్కువ బాధ పెట్టింది. ఆయన అరవలేదు, కసరలేదు. మా నాటికలో యజమాని లాగా నడుం మీద చేతులు పెట్టుకోలేదు. అడిగి చెబుతానన్నాడు, అంతే. మనలో ఎవరమైనా అనగలిగిన మాట అది. భార్య మీదికి నెట్టడం కూడా మనకు తెలియని విద్య కాదు, ఆదాము నాటి నుంచి ఉన్నదే.

ఇదే నిజాం రాజ్యంలో తలుపులు తెరిచినవాళ్లూ ఉన్నారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ కుష్ఠు వ్యాధిగ్రస్తుల కోసం ఆసుపత్రి పెట్టారు. ఏ సత్రమూ, ఏ చావడీ చేరనివ్వని మనుషులకు అది ఇల్లయింది. దానికి సాయం చేసినవాడు నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్. ఆయన క్రైస్తవుడు కాడు. మిషనరీలను పొగిడేటప్పుడు మనవాళ్లు ఈ పేరు వదిలేస్తుంటారు, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మా జిల్లాలోనే మార్లవాయి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీము చనిపోయాక, గిరిజనుల బాధలు తెలుసుకొమ్మని నిజాం సర్కారు హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ని పంపింది. యుద్ధం రోజులు. ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. అందుచేత బ్రిటిషువాళ్లు ఆయన్ను శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి హైదరాబాదు రాజ్యం దాటకూడదన్నారు. పోవడానికి సొంత దేశం దారి మూసుకుపోయినవాడు. ఆయన, భార్య ఎలిజబెత్ ఏ బంగ్లాలోనో మకాం పెట్టి గోండులను అక్కడికే రప్పించుకోవచ్చు, అందరు అధికారులూ చేసింది అదే. వాళ్లు మార్లవాయిలో గుడిసె వేసుకొని ఆ ఊరివాళ్ల మధ్య ఉన్నారు. 1987లో ఎలిజబెత్ చనిపోతే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో పోయారు, ఆయనకూ ఆమె పక్కనే సమాధి కట్టారు. విడిదికి వచ్చినవాళ్లు అక్కడే ఉండిపోయారు. ఎవరు ఎవరికి ఆతిథ్యం ఇచ్చారని అడిగితే, గోండులు వాళ్లకు ఇచ్చారనే మేము చెబుతాం.

అసలు గోండులకు సత్రం అవసరమే తక్కువ. దీపావళి రోజుల్లో దండారీ బృందం గుస్సాడీలతో పక్క ఊరికి పోతే, ఆ ఊరివాళ్లే దింపుకొని అన్నం పెడతారు. తర్వాత వీళ్లూ అలాగే పెట్టాలి. కెస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశంవాళ్లు కాలినడకన గోదావరి నీళ్లు తెచ్చి, మొదట మర్రిచెట్టు కింద దిగుతారు. తర్వాత గోవాడ్‌లో బస. అక్కడ ఇరవై రెండు పొయ్యిల మీద వండుకుంటారు. వాళ్ల పూజ మనది కాదు. కానీ దారిన వచ్చినవాణ్ని ఆకలితో పడుకోనివ్వని ఆ పద్ధతి చూసినప్పుడు, మన ప్రేమవిందులు గుర్తొచ్చి మేము కొంచెం తల దించుకుంటాం.

ఇప్పుడు మా సంగతి. మా మందిరానికి ముందు వరండా ఉంది. యాభై మందికి కాదు గాని పదిహేను మందికి చాలుతుంది. రెండేళ్ల కింద రాత్రి ఎవరో మైకుసెట్టు తీసుకుపోయారు. అప్పటి నుంచి వరండాకు గ్రిల్లు పెట్టించి, చీకటి పడగానే తాళం వేస్తున్నాం. కమిటీ తీర్మానం, మినిట్స్ పుస్తకంలో సంతకాలు, అంతా పద్ధతిగా జరిగింది. పోయిన వానాకాలం ఒక తెల్లవారుజామున ప్రార్థనకు వచ్చేసరికి గ్రిల్లు బయట, చూరు కింద ఒక ముసలామె, ఆమె మనవడు ముడుచుకొని కూర్చొని ఉన్నారు. గుట్ట మీది ఊరివాళ్లు. కొడుకును దవాఖానాలో చేర్పించి, రాత్రి తల దాచుకోను చోటు వెతుక్కుంటూ వచ్చారట. బట్టలు తడిసి ఉన్నాయి. మమ్మల్ని పిలిస్తే లేచి వచ్చేవాళ్లం కదా అన్నాం. "తాళం ఉన్నది గద అయ్యా," అంది ఆమె. అందులో కోపం లేదు, ఫిర్యాదు లేదు. తాళం ఉంటే చోటు లేదని ఆమెకు ఎవరూ కసిరి చెప్పనక్కర్లేదు.

టీ కాచి ఇచ్చాం. తర్వాత కమిటీలో ఆ సంగతి పెట్టాం. సామాను పోతే ఎవరు బాధ్యులని ఒకరన్నారు. తాగినవాళ్లు వచ్చి పడుకుంటారని ఇంకొకరన్నారు. రెండూ నిజమైన మాటలే, కాదనలేకపోయాం. కొన్నాళ్లు చూసి నిర్ణయిద్దామని తేల్చబోతుంటే, వెట్టి సంగతి చెప్పిన ఆ పెద్దాయన మెల్లగా లేచి, "మన వరండా కూడా బంగ్లా వరండానే అయితున్నదా?" అని అడిగి కూర్చున్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ వారం తీర్మానం కాలేదు. వచ్చే వారం అయింది.

ఇప్పుడు రాత్రిళ్లు మందిరం తలుపుకే తాళం, గ్రిల్లుకు లేదు. ఒక లైటు వెలుగుతూ ఉంటుంది, కుండలో నీళ్లుంటాయి. చాపలు నాలుగు కొన్నాం, ఒకటి అప్పుడే పోయింది. కొత్త మైకుసెట్టు మా ఇంట్లో మంచం కింద ఉంది.